అడిగి తెలుసుకొనే వైద్యం

కడప నుంచి రేణిగుంటకు పోయే రహదారి మీద, చెయ్యేటికి చేరువలో రాజంపేట పట్టణం ఉన్నది. పదకవితా పితామహుడు అన్నమాచార్యులు పుట్టిన తాళ్ళపాక ఈ ఊరికి సమీపంలోనే ఉన్నది. ముంబయి, చెన్నై నగరాలను కలిపే రైలుమార్గం ఈ ఊరి మీదుగానే సాగుతుంది. కొంత దూరంలో మంగంపేట ముగ్గురాతి గనులు, వాటి కోసం రాత్రింబవళ్ళు తిరిగే లారీలు. వాననే నమ్ముకొన్న సేద్యం చాలా కుటుంబాలకు కడుపు నింపలేకపోయింది. అందువల్ల పూర్వపు కడప జిల్లాకు చెందిన ఈ తూర్పు ప్రాంతం నుంచి పొట్ట చేతపట్టుకొని గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు వెళ్ళినవారు ఎక్కువ. మగవారు డ్రైవర్లుగాను, ఆడవారు ఇంటిపనివారుగాను వెళ్ళి సంపాదించి పంపిన సొమ్ముతో ఇక్కడ మిద్దెలు లేచాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి.

గల్ఫ్ ప్రయాణానికి ముందు వైద్యపరీక్ష తప్పనిసరి. ఆ దేశాలు గుర్తించిన పరీక్షాకేంద్రంలో రక్తం ఇవ్వాలి, ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోవాలి. క్షయ, హెపటైటిస్, సిఫిలిస్, హెచ్.ఐ.వి. వంటి వాటిలో ఏ ఒక్కటి కనిపించినా చీటీ మీద పడే మాట ఒక్కటే: ‘అన్‌ఫిట్’. అప్పు చేసి ఏజెంటుకు సొమ్ము కట్టిన మనిషి ఆ చీటీతో ఊరికి తిరిగి వస్తాడు. తనకు ఏ జబ్బు ఉన్నదో, అది నిజంగా ఉన్నదో లేదో, ఉంటే ఏమి చేయాలో ఆ ఒక్క మాట అతనికి చెప్పదు. అతడు మొదట కలిసే వైద్యుడు రాజంపేటలోనో, నందలూరులోనో, కోడూరులోనో ఉంటాడు. ఆ మొదటి పావుగంటలో వైద్యుని ముఖం ఎలా మారింది, ఏమి అడిగాడు, గది తలుపు దగ్గరగా వేశాడా లేదా అనే చిన్న విషయాలను బట్టే అతడు మళ్ళీ వైద్యానికి రావడమో, ముఖం చాటువేయడమో జరుగుతుంది.

ఊరు విడిచి వెళ్ళడమే రోగానికి కారణమని దీని అర్థం కాదు. పరీక్ష చేయించుకొన్నవారిలోనే రోగం బయటపడుతుంది. ప్రయాణం పేరుతో పరీక్ష జరిగింది కనుక ప్రయాణికుని పేరు బయటికి వచ్చింది, అంతే. ఇల్లు కదలనివారిలో అది ఎన్నేళ్ళయినా గుప్తంగా ఉండిపోవచ్చు.

ఇక ఆ పావుగంటకు కావలసిన విద్య వైద్యునికి ఎక్కడ లభిస్తుంది? ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో పుస్తకం చెప్పగలదు. ఒక మనిషి తన భార్యతో కూడా చెప్పని సంగతిని అతనిచేత మర్యాదగా చెప్పించడం పుస్తకం వల్ల రాదు. లైంగిక సంక్రమణ వ్యాధులకు వైద్యం చేయడం ఒక ప్రత్యేక శిక్షణగా రూపొందడానికి ఇదే కారణం. ఆ శిక్షణ మన ప్రాంతానికి చేరిన మార్గం మాత్రం సూటిగా సాగలేదు.

సుఖవ్యాధులని జనం పిలిచిన ఈ రోగాల విషయంలో ప్రభుత్వాల ఆసక్తి మొదట్లో సైనికుల ఆరోగ్యం కోసం పుట్టింది. 1860 దశకంలో బ్రిటిష్ పాలకులు చేసిన చట్టాలు కంటోన్మెంట్ల పరిసరాల్లోని వేశ్యలను నమోదు చేసి, బలవంతంగా పరీక్షించి, రోగం ఉన్నదని తేలితే ‘లాక్ ఆసుపత్రు’ల్లో నిర్బంధించే అధికారం ఇచ్చాయి. ఫలితం ఊహించదగినదే. స్త్రీలు పరీక్షను తప్పించుకొని పారిపోయారు. అర్ధ శతాబ్దం తరువాత, 1916లో, అదే బ్రిటన్ తన దేశంలో మరొక మార్గం పట్టింది. ఈ వ్యాధులకు ఉచితంగా, రోగి పేరు బయటపెట్టకుండా వైద్యం చేసే కేంద్రాలను స్థానిక ప్రభుత్వాలు నెలకొల్పాలని నియమం చేసింది. రోగిని బంధించడం కాదు, అతడు తనంతట తాను నడిచి వచ్చేలా చేయడమే వ్యాధిని అరికట్టే దారి అన్న గుర్తింపు అందులో ఉన్నది. నేటి శిక్షణకంతటికీ మూలసూత్రం అదే.

1943లో పెన్సిలిన్ సిఫిలిస్‌ను నయం చేస్తుందని రుజువైన తరువాత విచిత్రమైన పరిణామం జరిగింది. రోగం లొంగిపోయింది కనుక ఆ శాస్త్రం మీద వైద్యవిద్యార్థుల ఆసక్తి తగ్గింది. మన వైద్య కళాశాలల్లో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు ఒకే విభాగంగా కలిసిపోయాయి. 1957లో ఏర్పడిన కర్నూలు వైద్య కళాశాలలోను, 1960లో ఏర్పడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలోను చదివి రాయలసీమ పట్టణాల్లో స్థిరపడిన సాధారణ వైద్యులు ఈ విభాగంలో గడిపినది కొద్దికాలమే. పైగా ఆ గది ముందు నిలబడడానికి రోగులు సిగ్గుపడ్డారు. ఆ సిగ్గును సొమ్ము చేసుకొన్నవారు వేరే ఉన్నారు. బస్టాండు గోడల మీద ‘రహస్య వ్యాధులకు’ అని రాయించి, నెలకు ఒకసారి ఫలానా లాడ్జిలో, ఫలానా గదిలో దర్శనమిచ్చే ‘వైద్యులు’ వారు. సుఖవ్యాధులను నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడమీది రాతలకు ఆ సంగతి తెలియదు కాబోలు!

ఇటువంటి సమయంలో హెచ్.ఐ.వి. వచ్చింది. మన దేశంలో దాన్ని కనుగొన్నది ఒక విద్యార్థిని అన్న విషయం గుర్తుంచుకోదగినది. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, తన ఆచార్యురాలు డాక్టర్ సునీతి సోలమన్ సూచన మేరకు ఈ విషయాన్ని సిద్ధాంత వ్యాసానికి ఎన్నుకొన్నారు. ఆ రోజుల్లో ఇది అమెరికా జబ్బు, మన దేశంలో ఉండదు అని పెద్దలే అనేవారు. నిర్మల వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీల వద్దకు వెళ్ళి రక్త నమూనాలు సేకరించారు. వాటిని పరీక్షించే సదుపాయం మద్రాసులో లేకపోవడంతో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసుకొని వెళ్ళారు. 1986లో అక్కడ ఆరు నమూనాలు పసుపురంగుకు తిరిగాయి. అమెరికాలో జరిపిన నిర్ధారణ పరీక్ష కూడా అదే చెప్పింది. తరువాత సునీతి సోలమన్ ఉద్యోగం వదిలి, 1993లో చెన్నైలో ఎయిడ్స్ రోగుల కోసం వై.ఆర్.జి. కేర్ అనే సంస్థను స్థాపించారు. రాజంపేట నుంచి వెల్లూరు ఒక పూట ప్రయాణమే. కానీ ఆ ప్రయోగశాలలో తేలిన సత్యం చిన్న పట్టణాల వైద్యుల నడవడిలోకి ప్రవేశించడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ రెండు దశాబ్దాలూ భయం ఏలిన కాలం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడింది. ప్రచారం జరిగింది. గోడల మీద పుర్రె బొమ్మలు వెలిశాయి. ఆ బొమ్మలు ప్రజలతో పాటు వైద్యులను కూడా భయపెట్టాయి. రోగిని ముట్టుకోకుండా మందు రాసేవారు, కాన్పు చేయకుండా పెద్దాసుపత్రికి పంపించేవారు, మంచానికి గుర్తు తగిలించేవారు అంతటా కనిపించారు. దీనికి ఒక శాస్త్రీయ సాక్ష్యం గుంటూరు జిల్లాలో లభించింది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు ఆ జిల్లా జనాభా నుంచి నేరుగా రక్త నమూనాలు తీసుకొని చూడగా, ప్రభుత్వాసుపత్రుల లెక్కలను బట్టి వేసిన అంచనాలో సగానికి తక్కువ మందిలోనే వైరస్ కనిపించింది. ఆ తేడాకు చెప్పిన కారణాల్లో ఒకటి ఆలోచింపజేస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నదని తేలినవారిని, అనుమానం ఉన్నవారిని ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వాసుపత్రులకు పంపించివేయడం పరిపాటి కావడంతో అక్కడ వారి సంఖ్య పోగుపడిందట. వైద్యుల భయం చివరకు గణాంకాలను కూడా వక్రం చేసింది! 2007లో దేశం మొత్తం అంచనాను సుమారు 52 లక్షల నుంచి 25 లక్షలకు సవరించారు.

సంఖ్య తగ్గినా ఆంధ్రప్రదేశ్ భారం తగ్గలేదు. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పరీక్షించిన వయోజనుల్లో దేశమంతటా నూటికి 0.28 మందికి ఈ వైరస్ ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 మందికి ఉన్నట్లు తేలింది. అప్పటికే ఔషధాల స్థితి మారింది. 2001లో భారతీయ కంపెనీ సిప్లా మూడు మందుల చికిత్సను రోజుకు ఒక డాలరు లోపు ధరకు ఇవ్వగలమని ప్రకటించడంతో ప్రపంచమంతటా ధరలు దిగివచ్చాయి. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. మొదటి విడత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

మందులు వచ్చాయి, ఇచ్చేవారు కావాలి. వైద్యశిక్షణ అసలైన అవసరంగా ముందుకు వచ్చిన ఘట్టం ఇదే. చర్మవ్యాధుల నిపుణులు కొద్దిమంది, వారు కూడా నగరాల్లో. కాబట్టి సాధారణ ఎం.బి.బి.ఎస్. వైద్యుని ఈ పనికి సిద్ధం చేయక తప్పలేదు. జిల్లా ఆసుపత్రుల్లో ఎ.ఆర్.టి. కేంద్రాలు తెరిచి, వాటి వైద్యాధికారులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి హెచ్.ఐ.వి. వైద్యంలో పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమాను ప్రవేశపెట్టింది. వైద్యుడు లేని పల్లెల కోసం నర్సులకు శిక్షణ ఇచ్చి, రాష్ట్రంలోని కొన్ని జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమించే ప్రయత్నం కూడా జరిగింది. అనంతపురం ప్రాంతంలోని బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపిన ఆసుపత్రి హెచ్.ఐ.వి. వైద్యానికి ప్రత్యేక విభాగం పెట్టి, తన వద్దకు వచ్చిన పేదరోగుల అనుభవాన్ని ఏళ్ళ తరబడి క్రోడీకరించి పరిశోధనలు ప్రచురించింది. రోగం తేలినవారిలో అనేకులు మందులు మొదలుపెట్టకముందే వైద్యానికి దూరమవుతున్నారని, చాలామంది ఆలస్యంగా వస్తున్నారని ఆ పరిశోధనలు చూపాయి. మందుల కొరత తీరినా మనుషులు జారిపోవడం ఆగలేదన్న మాట.

శిక్షణలో నేర్పే విషయాలలో అన్నిటికన్నా కష్టమైనది అడగడం. రాయలసీమ పల్లెలో ఎవరూ వచ్చి ‘నాకు లైంగిక వ్యాధి ఉన్నది’ అని చెప్పరు. మగవాడు ‘ఒంట్లో వేడి చేసింది సార్’ అంటాడు. వయసు మళ్ళినవాడైతే ‘సెగ’ అనో ‘సవాయి’ అనో అంటాడు. స్త్రీ నడుంనొప్పితో మొదలుపెట్టి, నీరసం మీదుగా సాగి, లేవబోతూ చివరి మాటగా ‘తెల్లబట్ట అవుతుందమ్మా’ అంటుంది. శిక్షణ లేని వైద్యుడు వేడికి చలువ మందు, నడుంనొప్పికి నొప్పిమాత్ర రాసి పంపిస్తాడు. శిక్షణ పొందినవాడు ఆ చివరి మాట కోసమే కాచుకొని ఉంటాడు. వెంట వచ్చిన అత్తను, మరిదిని మర్యాదగా బయట కూర్చోబెడతాడు. ‘ఈ ప్రశ్నలు అందరినీ అడుగుతాము’ అని ముందే చెబుతాడు. ఈ ఒక్క వాక్యం రోగి మీద నుంచి నిందను తొలగిస్తుంది. ‘తప్పు చేశావా?’ అని అడిగినవానికి జవాబు రాదు. ‘ఇంటికి దూరంగా ఎన్నాళ్ళున్నారు? భార్య కాక మరెవరితోనైనా కలయిక జరిగిందా? తొడుగు వాడారా?’ అని మామూలు గొంతుతో, కళ్ళలోకి గుచ్చి చూడకుండా అడిగినవానికి వస్తుంది. వినడానికి తేలికగా ఉన్న ఈ పనిని వైద్యులు ఒకరు రోగిగా, ఒకరు వైద్యునిగా నటించి మరీ అభ్యసిస్తారు. మొదటిసారి నవ్వు ఆపుకోలేనివారే ఎక్కువట. ఆ నవ్వు పోవడానికే శిక్షణ.

అడిగిన తరువాత చూడాలి. ప్రయోగశాల లేని చోట లక్షణాలను బట్టి చికిత్స చేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించింది. స్రావమా, పుండా, గజ్జలో గడ్డా అన్నది గమనించి, ఆ లక్షణానికి కారణం కాగల ముఖ్యమైన క్రిములన్నిటికీ ఒకేసారి మందు ఇస్తారు. మన దేశంలో 2007 తరువాత ఇందుకోసం ఏడు రంగుల కిట్లు ప్రభుత్వాసుపత్రులకు చేరాయి. స్రావానికి బూడిదరంగు, సాధారణ పుండుకు తెలుపు, పొక్కులతో కూడిన హెర్పిస్‌కు ఎరుపు, ఇలా రంగును చూసి ఇవ్వగలిగే ఏర్పాటు అది. వాటిలో కొన్ని కిట్లలో ఉన్న డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినప్పుడు ఆ పరిశోధనాలయానికి సారథ్యం వహించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఈ పద్ధతికి ఒక లోపం ఉన్నది. లక్షణం కనిపించనివారిని ఇది పట్టుకోలేదు. ముఖ్యంగా స్త్రీలలో ఈ వ్యాధులు చాలాసార్లు ఏ గుర్తూ లేకుండానే ఉంటాయి. అందుకే భర్తకు మందు ఇచ్చి భార్యను మరచిపోతే వైద్యం సగమే అయినట్లు. ఆమెకు కబురు ఎలా పంపాలి, ఎవరు చెప్పాలి అన్నది రోగితోనే సంప్రదించి నిర్ణయించాలి. మందుల షాపులో అడిగి సగం మోతాదు వాడే అలవాటు మరొక చేటు చేసింది. సెగరోగ క్రిమి పెన్సిలిన్‌కు, ఆ తరువాత సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగకుండా పోయింది.

పుండు ఉన్నచోట హెచ్.ఐ.వి. సులువుగా ప్రవేశిస్తుంది. కాబట్టి ఈ రెండు వైద్యాలను విడదీయలేము. హెచ్.ఐ.వి. ఉన్నవారిని అధికంగా బలిగొనేది క్షయ కనుక దగ్గు గురించి అడగకుండా ఏ రోగినీ పంపరాదు. గర్భిణి విషయం మరింత ముఖ్యమైనది. వైద్యం లేకపోతే తల్లినుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. తగిన మందులు వాడితే అది 5 లోపుకు పడిపోతుంది. రాజంపేట వంటి చోట కాన్పుగదిలోని నర్సు నేర్చుకొన్న విద్య ఒక బిడ్డ జీవితకాలమంత విలువైనది.

ఇక వైద్యుల సొంత భయం సంగతి. హెచ్.ఐ.వి. ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకొంటే సోకే అవకాశం వెయ్యికి సుమారు ముగ్గురికి. హెపటైటిస్ బి విషయంలో, టీకా వేయించుకోనివారికి అది నూటికి 30 వరకు ఉండవచ్చు. అయినా మొదటిదానికి వణికినవారు రెండవదాని టీకాను నిర్లక్ష్యం చేయడం సర్వసాధారణం. సూది గుచ్చుకొన్న 72 గంటలలోపు, వీలైతే రెండు గంటలలోపే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ప్రమాదం బాగా తగ్గుతుంది. రక్తం ఎవరిదైనా చేతితొడుగు వేసుకోవాలి. సూదికి మూత తిరిగి పెట్టరాదు. ఈ జాగ్రత్తలు ప్రతి రోగి దగ్గరా పాటించినప్పుడు మంచానికి వేరే గుర్తు అక్కరలేదు. శిక్షణ పొందిన సిబ్బందిలో కనిపించే మొదటి మార్పు ధైర్యం కాదు, పద్ధతి.

రహస్యాన్ని కాపాడే విషయంలో చట్టం ఆలస్యంగా తోడు వచ్చింది. 1998లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. రక్తదానం చేయబోయిన వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉన్నదని తేలడం, ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కడం, అతని పెళ్ళి ఆగిపోవడం జరిగాయి. పెళ్ళికూతురి ప్రాణం కూడా కాపాడదగినదే కనుక ఆసుపత్రి తప్పు లేదని కోర్టు భావించింది. అంతటితో ఆగక రోగి వివాహహక్కు గురించి చేసిన వ్యాఖ్యలు అనవసరమైనవని 2002లో ఆ కోర్టే స్పష్టం చేసింది. ధర్మసంకటం అంటే ఏమిటో ఈ తీర్పు చదివిన వైద్యునికి బాగా అర్థమవుతుంది. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో దారి చూపింది. రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని ఇతరులకు చెప్పరాదు, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపరాదు. జీవిత భాగస్వామికి తెలపవలసి వచ్చినప్పుడు ముందుగా రోగికి నచ్చజెప్పాలి. అతడు చెప్పడన్న నమ్మకమైన కారణం ఉన్నప్పుడే, నిర్ణీత పద్ధతిలో వైద్యుడు తెలపవచ్చు. నచ్చజెప్పడం కూడా అడగడం వంటిదే. నేర్చుకోవలసిన పని.

2017 నుంచి మన దేశంలో పరీక్షలో తేలిన వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. రోజుకు ఒక మాత్ర క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన వ్యక్తి నుంచి కలయిక ద్వారా మరొకరికి అది సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. 2021 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తుండగా, సుమారు 3 లక్షల 20 వేల మందితో ఆంధ్రప్రదేశ్ మహారాష్ట్ర తరువాతి స్థానంలో ఉన్నది. అంతమందికీ దశాబ్దాల తరబడి నెలనెలా వైద్యం అందాలి. అది నగరంలోని నిపుణులు మాత్రమే చేయగల పని కాదు.

‘అన్‌ఫిట్’ చీటీతో వచ్చిన మనిషి విషయానికి వస్తే, శిక్షణ పొందిన వైద్యుడు ముందుగా ఆ చీటీని పూర్తిగా నమ్మడు. ఒక్క పరీక్ష పొరపడవచ్చు. లక్షణాలు లేని వ్యక్తిలో వేర్వేరు సూత్రాలతో పనిచేసే మూడు కిట్లతో పరీక్షించిన తరువాతనే హెచ్.ఐ.వి. ఉన్నదని నిర్ణయించాలన్నది జాతీయ నియమం. సిఫిలిస్ కోసం చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష కూడా కొన్నిసార్లు లేని రోగాన్ని ఉన్నట్లు చూపిస్తుంది. కనుక వైద్యుడు తలుపు దగ్గరగా వేసి, అతనిని కూర్చోమని చెప్పి, ఎక్కడ, ఎప్పుడు పరీక్ష జరిగిందో అడుగుతాడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మళ్ళీ పరీక్ష చేస్తారని, ముందు కౌన్సిలరుతో మాట్లాడవచ్చునని, ఫలితం అతనికి తప్ప ఎవరికీ చెప్పరని వివరిస్తాడు. అప్పు సంగతి, ఏజెంటు సంగతి కూడా వింటాడు. వాటికి అతని దగ్గర మందు లేదు. చివరగా మళ్ళీ రావలసిన తేదీని కాగితం మీద రాసి ఇస్తాడు. ఆ కాగితం మీద జబ్బు పేరు రాయడు.